లారీ ఆటకి ఎన్ని మార్కులు?

బుజ్జమ్మకీ, చిన్నోడికీ తాతయ్య ఆశీస్సులు.

పండక్కి వచ్చి మీరు వెళ్లిన దగ్గర్నుంచీ ఒక సంగతి నా మనసులో తిరుగుతూనే ఉంది. ఫోన్లో చెబుదామంటే మధ్యలో ఎవరో ఒకరు పిలుస్తారు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

కనుమ రాత్రి చిన్నోడు ల్యాప్‌టాప్‌లో లారీ నడుపుతున్నాడు. యూరో ట్రక్ సిమ్యులేటర్ 2. ఆటలో వాన పడుతోంది, వైపర్లు తిరుగుతున్నాయి, వాడు నోరు మెదపకుండా రోడ్డు చూస్తున్నాడు. నేనూ పక్కన చేరి అరగంట చూశాను. ఇంతలో మీ బాబాయి కొడుకు వచ్చి, "ఇదా ఆడుతున్నావు? సమీక్షల్లో దీనికి నూటికి 80 మార్కులు కూడా రాలేదురా" అన్నాడు. చిన్నోడు ఏమీ అనలేదు. ల్యాప్‌టాప్ మూసేశాడు. ఉన్న మూడు రోజులూ మళ్లీ తెరవలేదు.

బుజ్జమ్మది ఇంకో బాధ. దాచుకున్న డబ్బుతో ఎల్డెన్ రింగ్ కొంది. 2022లో వచ్చిన ఆట, సమీక్షల మార్కుల సగటు నూటికి 90 దాటింది. వారం రోజులు ఆడి, "అందరికీ నచ్చింది నాకెందుకు నచ్చట్లేదు తాతయ్యా, నాకే ఆడటం రాదేమో" అంది. ఆ మాట నన్ను ఇంకా ఎక్కువ బాధపెట్టింది.

నేను పాలకొల్లులో వీడియో గేమ్స్ షాపు నడిపిన మనిషినని మీకు తెలుసు కదా. రెండు టీవీలు, నాలుగు రిమోట్లు, అరగంటకి 5 రూపాయలు. అప్పట్లో సమీక్షలూ మార్కులూ మాదాకా రాలేదు. కరెంటు పోయినప్పుడు అరుగు మీద కూర్చుని పిల్లలు చెప్పుకునే కబుర్లే సమీక్షలు. అందరూ కాంట్రా అనే తుపాకుల ఆట క్యాసెట్ కోసం కొట్టుకునేవారు. ఒక్క కుర్రాడు మాత్రం రోజూ స్కూలు వదలగానే వచ్చి ట్యాంకుల ఆట పెట్టమనేవాడు. అదే, 1985లో జపాన్ వాళ్లు చేసిన బ్యాటిల్ సిటీ. పెట్టాక ట్యాంకులతో యుద్ధం చేసేవాడు కాదు. అందులో కన్‌స్ట్రక్షన్ అని ఒకటి ఉంటుంది, మనకి కావలసినట్టు ఇటుక గోడలు, నీళ్లు, చెట్లు పేర్చుకోవచ్చు. అరగంటా అవే పేర్చేవాడు. కాలవలు తీసేవాడు, గట్లు వేసేవాడు. మిగతావాళ్లు నవ్వేవారు. వాడు పట్టించుకునేవాడు కాదు. కాంట్రా ఆడిన ఏ పిల్లాడి ముఖంలోనూ అంత సంతోషం నేను చూడలేదు.

షాపు మూసేసినా ఆటల గురించి చదవడం మానలేదు కాబట్టి, ఈ మార్కులు ఎలా పుడతాయో చెబుతాను. మెటాక్రిటిక్ అనే వెబ్‌సైట్ వాళ్లు సొంతంగా మార్కులు వేయరు. రకరకాల పత్రికలు ఇచ్చినవాటిని నూటికి లెక్కగట్టి సగటు తీస్తారు. అందులోనూ కొన్ని పత్రికలకి ఎక్కువ విలువ ఇస్తారు, దేనికెంతో బయటికి చెప్పరు. 2010లో డెడ్లీ ప్రిమోనిషన్ అని ఒక ఆట వచ్చింది. ఆటల సమీక్షలు రాసే వెబ్‌సైట్లలో ఐజీఎన్ వాళ్లు దానికి 10కి 2 వేశారు. డిస్ట్రక్టాయిడ్ వాళ్లు 10కి 10 వేశారు. ఈ రెండిటికీ సగటు తీస్తే 6. కానీ 6 అన్నవాళ్లు ఆ ఇద్దరిలో ఎవరూ లేరు! జపాన్ పత్రిక ఫామిట్సు పద్ధతి నాకు ఇంకా నచ్చుతుంది. అక్కడ ఒక్కో ఆటకి నలుగురు విడివిడిగా పదేసికి మార్కులు వేసి, మొత్తం 40కి చెబుతారు. ఒకే పత్రికలో పనిచేసే నలుగురికీ ఆట ఒకేలా నచ్చలేదని కళ్లకి కనిపిస్తుంది.

ఆన్‌లైన్లో ఆటలు అమ్మే స్టీమ్ సంగతి వేరు. అక్కడ మార్కులు ఉండవు, కొన్నవాళ్లకి, ఇంకొకరిని ఆడమంటావా వద్దంటావా అన్న ఒక్క ప్రశ్నే. 95 శాతం అంటే 100కి 95 మార్కులని కాదు, నూటికి 95 మంది ఆడమన్నారని. చిన్నోడా, నీ లారీ ఆటకి అక్కడ ఎంతో తెలుసా? 95కి పైనే, అన్నిటికన్నా పై వరసలో ఉంది. ఆ మాట మీ అన్నకి చెప్పి గెలవమని కాదు నేను అనేది. ఆ ఆట కొన్నవాళ్లు ముందే లారీలంటే ఇష్టపడ్డవాళ్లు, అందుకే అంతమంది ఆడమన్నారు. పత్రికలవాళ్లలో కొందరికి అదే విసుగు, ఎంతసేపూ రోడ్డు మీద నడపడమేనా అని. ఎవరూ అబద్ధం చెప్పలేదు.

మరి నీకెందుకు ఇష్టం? ఆ రాత్రి చూస్తుంటే నాకు అర్థమైంది. మీ నాన్న అంబాజీపేటలో కొబ్బరికాయలు ఎక్కించుకుని ఉత్తరాదికి వెళ్లేటప్పుడు, చించినాడ వంతెన దాకా నిన్ను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని వెళ్లేవాడు. అక్కడ నేను దింపుకుని మోటార్ సైకిల్ మీద ఇంటికి తెచ్చేవాణ్ణి. లారీ వెనక ఎర్ర లైటు కనిపించినంతసేపూ కదిలేవాడివి కాదు. నీకా రోడ్డు ఎంత విలువైందో ఎక్కడో పరాయి దేశంలో కూర్చున్న సమీక్షకుడికి ఎలా తెలుస్తుంది నాన్నా?

బుజ్జమ్మా, ఎల్డెన్ రింగ్ మంచి ఆటే. కానీ దాని రుచి ఎక్కడుందో చూడు. ఒక పెద్ద శత్రువు చేతిలో 20 సార్లు చచ్చి, 21వ సారి గెలిచినప్పుడు వచ్చే ఆనందం అది. మార్కులు వేసినవాళ్లకి ఆడటమే ఉద్యోగం, రోజంతా కూర్చుంటారు. నీకు కాలేజీ, ల్యాబ్ రికార్డులు అయ్యాక దొరికేది గంట. ఆ గంటలో టెన్షన్ దిగాలనుకుంటావు, అది టెన్షన్ పెంచే ఆట. ఇందులో నీకు చేతకానితనం ఏముంది తల్లీ?

అలాగని సమీక్షలు చదవొద్దని నేను అనను. ఆట మధ్యలో ఆగిపోతుందా, మన కంప్యూటర్ మీద నడుస్తుందా, కొన్నాక లోపల మళ్లీ డబ్బు అడుగుతుందా, ఇవి ఎవరికైనా ఒకటే. వాటిని జాగ్రత్తగా చదవండి. 2020 డిసెంబరులో సైబర్‌పంక్ 2077 అనే ఆట వచ్చింది. విడుదలకి ముందు సమీక్షకులకి ఇచ్చింది కంప్యూటర్ కాపీ, మార్కులు బాగా పడ్డాయి. పాత ప్లేస్టేషన్ల మీద కొన్నవాళ్లకి నరకం కనిపించింది. వారం తిరిగేసరికి, ప్లేస్టేషన్ చేసే సోనీ వాళ్లు దాన్ని తమ స్టోర్ నుంచి తీసేశారు, 2021 జూన్‌లో గానీ మళ్లీ పెట్టలేదు. కాబట్టి ఎవరు, ఏ మిషన్ మీద ఆడి చెబుతున్నారో చూడాలి.

ఇక ఇష్టాల దగ్గరికి వస్తే, అంకె వదిలేసి కారణం చదవండి. షాపులో ఒక పిల్లాడు "అబ్బో, చాలా కష్టం, వద్దు" అన్న క్యాసెట్‌ని నేను ఇంకో పిల్లాడి కోసం తీసి పెట్టేవాణ్ణి, వాడికి కష్టమైనవే కావాలి కాబట్టి. ఎప్పుడూ మీకు నచ్చనివే మెచ్చుకునే సమీక్షకుడు దొరికినా మంచిదే, అతను విసుక్కున్న ఆటల్లోనే మీది ఉండొచ్చు. స్టీమ్‌లో కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటలకన్నా తక్కువ ఆడి ఉంటే డబ్బు వెనక్కి ఇస్తారు. ఆ రెండు గంటలూ మీరే సమీక్షకులు.

బుజ్జమ్మా, ఆ ఆటలో ఎక్కడ విసుగొచ్చిందో, ఏ కాస్తయినా బాగుందో వివరంగా రాయి. నీకు సరిపోయేది నేనూ వెతుకుతాను, నాకిది పాత పనే. చిన్నోడా, వేసవి సెలవులకి వచ్చేటప్పుడు ల్యాప్‌టాప్ తప్పకుండా తీసుకురా. ఆ లోడు ఇంకా దించలేదు కదా, ఎక్కడ ఆపావో గుర్తుంది నాకు. ఈసారి వాన రోడ్డు మీద కాసేపు నన్ను నడపనివ్వు.

మీ తాతయ్య,
పాలకొల్లు