అపోహలు - వాస్తవాలు: "వేరుచేసి ఇచ్చినా మీరు కలిపేస్తారుగా!"

గత వారం ఒక వార్డు సభలో చెత్త సేకరణ గురించి మాట్లాడడానికి లేచాను. మొదటి వాక్యమైనా పూర్తికాకముందే వెనుక వరుసలోంచి ఒకాయన, "మేము తడి, పొడి చెత్త వేరుచేసి ఇచ్చినా మీ బండిలో అన్నీ కలిపేస్తారు, ఇక మాకెందుకండీ ఈ శ్రమ?" అన్నారు. సభలో సగం మంది తలలూపారు. ఒక చిన్న పట్టణపు మున్సిపాలిటీలో పదిహేనేళ్ళుగా పారిశుద్ధ్యం పని చూస్తున్న నాకు ఈ ప్రశ్న కొత్తది కాదు. మొక్కలు నాటడం, చెరువు గట్లు బాగుచేయడం, వీధుల్లో ఎల్‌ఈడీ దీపాలు పెట్టడం వంటి పనులు ఎన్ని సాగుతున్నా, పట్టణానికి అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తున్నది ఈ ఒక్క నమ్మకమే కనుక ముందు దాని సంగతే చెబుతాను.

అపోహ: వేరుచేసి ఇచ్చినా బండిలో కలిపేస్తారు.

వాస్తవం: మా వీధుల్లో తిరిగే తోపుడు బండిని దగ్గరగా చూడండి. తడి చెత్త డ్రమ్ముల్లో పడుతుంది. అట్టలు, సీసాలు, పాల ప్యాకెట్లు బండి పక్కన కట్టిన గోనె సంచుల్లోకి వెళతాయి. మేడ మీద నుంచి చూసేవారికి మాత్రం అంతా ఒకేచోట గుమ్మరిస్తున్నట్టే కనిపిస్తుంది. ఆటో టిప్పరులోనూ మధ్యలో అడ్డు రేకు ఉంటుంది, కానీ చెత్త నిండిన తరువాత ఆ రేకు బయటికి కనిపించదు.

అయితే ఈ ఆరోపణ ఎల్లప్పుడూ అబద్ధమని నేను అనను. కొంతకాలం క్రితం మా టిప్పరు ఒకటి మరమ్మతుకు వెళ్ళినప్పుడు దాదాపు వారం రోజులు ఒకే ట్రాక్టరులో అన్నీ కలిపి తరలించాము. ఆ సంగతి ఇంటింటికీ ముందుగా చెప్పలేదు, అది మా తప్పు. అప్పుడే ఒక పెద్దావిడ నన్ను గేటు దగ్గర ఆపి, "బాబూ, పాల ప్యాకెట్లు కడిగి ఆరబెట్టి మరీ ఇస్తున్నాను. నిన్న మీవాళ్ళు వాటిని కుళ్ళిన కూరగాయల మీద వేసుకుపోయారు" అన్నారు. ఆమెకు చెప్పడానికి నా దగ్గర సమాధానం లేకపోయింది. బండి వారానికి బాగుపడింది కానీ, ఆ వీధిలో చెత్త మళ్ళీ వేరుగా రావడానికి దాదాపు ఏడాది పట్టింది.

ఆమె కోపం న్యాయమైనది. కానీ "వాళ్ళు కలిపేస్తారు కనుక మనమూ కలిపేద్దాం" అనుకునేవారు ఒక విషయం గమనించాలి. బండిలో ఒక రోజు కలిస్తే ఆ రోజు చెత్తే పాడవుతుంది. అప్పుడు కూడా మూతి కట్టిన పొడి చెత్త సంచిని చెత్త దింపే యార్డులో విడిగా తీయవచ్చు. ఇంట్లోనే గంజి, చారు, పప్పు అట్టపెట్టెలోకి ఇంకిపోతే ఆ అట్టను ఏ యంత్రమూ బాగుచేయలేదు, పాత సామాన్ల వ్యాపారి కొనడు.

తడి చెత్తకు జరిగే నష్టం ఇంకా పెద్దది. వరుస కుప్పగా పోసిన తడి చెత్తకు గాలి, తగిన తేమ అందితే కొద్ది రోజుల్లోనే లోపలి వేడి 55 నుంచి 65 డిగ్రీల సెల్సియస్ వరకు పెరుగుతుంది, ఆ వేడికే రోగక్రిములు, కలుపు విత్తనాలు చాలావరకు నశిస్తాయి. మధ్యలో క్యారీబ్యాగులు పరచుకుంటే ఆ పొర కింద గాలి ఆడదు, కుప్ప ఎరువు కావడానికి బదులు కుళ్ళి కంపుకొడుతుంది. యార్డు చుట్టుపక్కల కాలనీల వారు మా మీద చేసే ఫిర్యాదుల్లో చాలా వాటికి మూలం ఇదే.

ఒకసారి మా ఎరువు కొనడానికి వచ్చిన రైతు కుప్పలోంచి గుప్పెడు తీసి అరచేతిలో పరచి, వేలితో నెమ్మదిగా కదిపాడు. నల్లగా, వానకు తడిసిన మట్టి వాసనతో ఉన్న ఆ ఎరువులో గాజుముక్క ఒకటి తళుక్కుమంది. "సార్, మా ఆడవాళ్ళు ఈ మడిలో ఉత్తకాళ్ళతో నాట్లేస్తారు" అని ఎరువు అక్కడే వదిలేసి ఖాళీ ట్రాక్టరుతో తిరిగి వెళ్ళిపోయాడు. పట్టణపు చెత్తతో చేసి అమ్మే ఎరువులో (సిటీ కంపోస్టు) కనీసం 90 శాతం 4 మిల్లీమీటర్ల జల్లెడలోంచి దిగాలనీ, సీసం (లెడ్) అనే విషలోహం కిలోకు 100 మిల్లీగ్రాములు మించరాదనీ ఎరువుల నియంత్రణ ఉత్తర్వు చెబుతోంది. జల్లెడ గాజుపెంకును ఆపగలదు కానీ, పాడైన బ్యాటరీ నుంచి కారి ఎరువులో కలిసిన లోహాన్ని ఆపలేదు. ఇంట్లోనే తడి, పొడి, హానికర చెత్తలను మూడుగా వేరుచేయాలని 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు చెప్పడం వెనుక ఉన్న కారణం ఇదే.

అపోహ: శానిటరీ ప్యాడ్లు, డైపర్లు తడిగానే ఉంటాయి కనుక తడి చెత్తలో వేయవచ్చు.

వాస్తవం: వేయకూడదు. చాలామంది తెలియక కాదు, నలుగురిలో విడిగా ఇవ్వడానికి సిగ్గుపడి వాటిని కూరగాయల తొక్కల అడుగున దాస్తున్నారని నాకు తెలుసు. ఆ ఇబ్బందిని నేను తేలిగ్గా తీసుకోను. కానీ అలా దాచినదాన్ని యార్డులో ఒక కార్మికురాలు చేత్తో ఏరి తీయవలసి వస్తుంది. పాత వార్తాపత్రికలో చుట్టి విడిగా ఇవ్వండి, ఆ పొట్లాన్ని ఎవరూ విప్పి చూడరు.

అపోహ: గుడ్డలా ఉన్న సంచి ప్లాస్టిక్ కాదు.

వాస్తవం: బట్టల దుకాణాల్లో ఇచ్చే రంగురంగుల నాన్ వోవెన్ (నేయకుండా పోగులను అతికించి చేసిన) సంచులు చాలావరకు పాలీప్రొపిలీన్‌తో చేసినవే, అదీ ప్లాస్టిక్కే. చదరపు మీటరుకు 60 గ్రాముల కంటే తక్కువ బరువున్న వాటిపై 2021 సెప్టెంబరు 30 నుంచి, 120 మైక్రాన్ల లోపు మందం ఉన్న క్యారీబ్యాగులపై 2022 డిసెంబరు 31 నుంచి నిషేధం ఉంది. దుకాణాలపై మా దాడుల్లో దొరికే నిషేధిత సరుకులో సగం ఇలా "గుడ్డ సంచి" పేరుతో అమ్మేదే.

అపోహ: ఇవన్నీ ఇండోర్ వంటి పెద్ద నగరాలకే సాధ్యం.

వాస్తవం: శుభ్రతలో ఇండోర్ పేరు మారుమోగక చాలా ముందే, 2000 దశకపు తొలి సంవత్సరాల్లో, సూర్యాపేట ఇంటింటి నుంచి చెత్తను వేరుగా సేకరించి చెత్తకుండీలు లేని పట్టణంగా పేరు తెచ్చుకుంది. సిద్దిపేట వారు బుస్సాపూర్‌లో తడి చెత్త నుంచి బయో సీఎన్‌జీ అనే ఇంధన వాయువు తీస్తున్నారు, శుభకార్యాలకు ప్లాస్టిక్ పళ్ళేలు కొనకుండా స్టీలు సామాన్లు వాడుకుని తిరిగి ఇచ్చే 'స్టీల్ బ్యాంకు' నుంచి గిన్నెలు, గ్లాసులు ఇస్తున్నారు. పైగా చిన్న పట్టణానికి ఒక సౌలభ్యం ఉంది. మా కార్మికురాలికి తన వీధిలో ఏ ఇంట్లో పసిబిడ్డ ఉందో, ఏ ఇంటికి తాళం వేసి ఉందో తెలుసు.

అపోహ: ఎండుటాకులు కాల్చేస్తే పీడ పోతుంది.

వాస్తవం: ఆకులతో పాటు అందులో చిక్కిన ప్లాస్టిక్ కూడా కాలి, ఆ పొగ పక్కింటి పిల్లల ఊపిరితిత్తుల్లోకి పోతుంది. బహిరంగంగా చెత్త కాల్చడం నియమ విరుద్ధం కూడా. అంతకుమించి ఆ ఆకులు మాకు కావాలి. వంటింటి చెత్తలో నత్రజని, తేమ ఎక్కువ, ఎండుటాకుల్లో కర్బనం ఎక్కువ. కుప్పలో కర్బనం, నత్రజని సుమారు 25 లేదా 30కి ఒకటి చొప్పున ఉండాలంటే మధ్యమధ్య ఎండుటాకుల పొర వేయక తప్పదు. మాఘ ఫాల్గుణాల్లో వేపాకు రాలినప్పుడు దాన్ని సంచుల్లో నింపి గేటు పక్కన పెట్టండి, మా బండి వచ్చి తీసుకువెళుతుంది. నిరుడు వానాకాలం నడిమికే మా దగ్గర ఆకుల నిల్వ అయిపోయి, వడ్రంగి దుకాణాల చుట్టూ రంపపు పొట్టు కోసం తిరిగాము.