పచ్చబడ్డ కంచుని తోమకండి: ప్లాజా శిల్పాలపై అపోహలు - వాస్తవాలు

పోయిన వారం మళ్ళీ అదే ఫోన్. "సార్, ప్లాజాలో శిల్పం పచ్చబడుతోంది. కంచులో కల్తీ జరిగిందని అందరూ నన్నే నిలదీస్తున్నారు. రేపు మనుషుల్ని పెట్టి తోమించెయ్యమంటారా?" కమిటీ తరఫున శిల్పం బాధ్యత చూసుకునే ఆవిడ గొంతు వణుకుతోంది. ఆవిడకి చెప్పిందే ఇక్కడా చెబుతున్నాను. ఎవరేమన్నా సరే, తోమించకండి.

అపోహ: పచ్చబడిందంటే కల్తీ కంచు. తోమితే కొత్తదైపోతుంది.

వాస్తవం: శిల్పాలకి వాడే కంచులో 85 నుంచి 95 శాతం దాకా రాగే ఉంటుంది. గాలీ తేమా తగిలిన రాగి పచ్చబడక మానదు. న్యూయార్క్ లిబర్టీ విగ్రహం 1886లో నిలబెట్టినప్పుడు రాగి రంగులోనే ఉండేది. దాని రేకు మందం రెండున్నర మిల్లీమీటర్లు కూడా లేదు. ఇన్నేళ్ళుగా ఆ రేకుని కాపాడుతున్నది ఆ పచ్చటి పొరే.

ఇక శిల్పం మీద మీరు చూసే గోధుమ రంగో, నలుపో అసలు లోహం రంగే కాదు. పోత, చేజింగ్ (పోత పోసిన లోహాన్ని చెక్కి, అరగదీసి సరిచేయడం) అయ్యాక టార్చితో వేడి చేస్తూ ఫెర్రిక్ నైట్రేటో, లివర్ ఆఫ్ సల్ఫరో లాంటి రసాయనం కుంచెతో అద్ది, పొర మీద పొరగా తెప్పించిన పాటినా, అంటే రంగు పొర అది. పైన మైనం పూత. అంతా కలిపినా వెంట్రుక మందం ఉండదు. వైర్ బ్రష్ పెట్టినా, యాసిడ్ పోసినా ముందు పోయేది అదే.

నేను చేసిన శిల్పానికే ఇది జరిగింది. వార్షికోత్సవం ముందు రోజు ఎవరో యాసిడ్డూ బఫింగ్ వీలూ తెచ్చి పనిలోకి దిగారు. నేను వెళ్ళేసరికి ముఖమంతా గులాబీ ఛాయలో మెరుస్తోంది. బఫ్ దూరని చెవుల వెనకా, పైబట్ట మడతల్లోనూ నలుపు అలాగే ఉంది. మైనం నమూనా మీద రోజుల తరబడి గీరి తెచ్చిన కనుబొమ్మల గీతలు అరిగి నున్నబడ్డాయి. రెండు నెలలు తిరిగేసరికి, సరిగ్గా కడగని యాసిడ్ మడతల్లోంచి లేతాకుపచ్చ చారలై దిగింది. రంగు మళ్ళీ తెప్పించగలిగాను. కనుబొమ్మల్ని తేలేకపోయాను. ఇప్పటికీ ఆ ప్లాజాలోకి అడుగుపెడితే నా చూపు ముందు అక్కడికే పోతుంది.

భయపడాల్సిన పచ్చ ఒకటుంది. పుల్లతో గీస్తే పొడిగా రాలే లేతాకుపచ్చ మచ్చలు, వాటి కింద చిన్న చిన్న గుంటలు. అది క్లోరైడ్ల పని, సముద్రపు గాలి తగిలే చోట ఎక్కువ. తేమ అందుతున్నంత కాలం లోపలికి తినుకుంటూ పోతుంది కాబట్టి వెంటనే కన్సర్వేటర్‌ని (శిల్పాల సంరక్షణ నిపుణుణ్ణి) పిలవండి. మామూలు పచ్చకీ మురికికీ ఏడాదికోసారి ఘాటు లేని డిటర్జెంట్ నీళ్ళతో, మెత్తటి బ్రష్‌తో కడిగి, పూర్తిగా ఆరాక మైక్రోక్రిస్టలైన్ వ్యాక్స్ అనే మైనం పట్టిస్తే చాలు.

కడిగే రోజే వంగి పాదాల దగ్గర కూడా చూడండి. పోత శిల్పం లోపలంతా బోలు. అక్కడ చేరే చెమ్మ బయటికి పోవడానికి అడుగున వీప్ హోల్స్ అనే చిన్న కంతలు వదులుతాం. అవేవో పోతలో వచ్చిన లోపాలనుకుని సిమెంటుతో పూడ్చేస్తుంటారు. ఒకచోట అలాంటి సిమెంటుని డ్రిల్లుతో తీస్తే ఇరవై నిమిషాల పాటు తుప్పు నీళ్ళు కారుతూనే ఉన్నాయి. లోపల శిల్పాన్ని నిలబెట్టే స్టీలు అస్థిపంజరం, అంటే ఆర్మేచర్, పొరలు పొరలుగా ఊడొస్తోంది. ఇనుమూ కంచూ ఒకదానికొకటి తగులుతూ తడిలో ఉంటే ఇనుమే త్వరగా పోతుంది. లిబర్టీ విగ్రహం లోపల రాగి రేకుకీ ఇనుప పట్టీలకీ మధ్య జరిగింది కూడా ఇదే. 1980ల్లో ఆ పట్టీలు మార్చి స్టెయిన్‌లెస్ స్టీలువి వేయాల్సి వచ్చింది.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

స్టెయిన్‌లెస్ స్టీలైతే చూసుకోనక్కర్లేదా? షికాగోలోని స్టెయిన్‌లెస్ స్టీలు శిల్పం క్లౌడ్ గేట్ కింది భాగాన్ని రోజుకి రెండుసార్లు చేత్తో తుడుస్తారు.

కార్టెన్‌కి (పైన తుప్పు పొర పట్టేలా తయారుచేసిన ఉక్కు) తుప్పే రక్ష అన్న మాట, నీళ్ళు జారిపోయి ఆరే చోట మాత్రమే నిజం. నీళ్ళు నిలిచే అతుకుల దగ్గర తుప్పు ఆగదు.

ఒకసారి పెట్టాక ఇక తీయరన్నదీ తప్పే. న్యూయార్క్‌లో శిల్పి రిచర్డ్ సెరా చేసిన 120 అడుగుల ఉక్కు శిల్పం టిల్టెడ్ ఆర్క్‌ని 1981లో పెట్టారు, 1989లో ముక్కలు చేసి తీసేశారు.

విగ్రహంలో గుర్రం ఎన్ని కాళ్ళు ఎత్తితే రౌతు ఎలా చనిపోయినట్టు అన్నది ఒట్టి పుకారు. అలాంటి నియమం మాకెవరూ నేర్పలేదు.

ఫోన్ చేసినావిడ ఫొటోలు పంపారు. గడ్డం కింద నుంచి ఛాతీ మీదుగా, వాన నీళ్ళు జారే దారిలోనే ఉంది పచ్చ చార. పుల్లతో గీసి చూడమన్నాను, పొడి రాలలేదు. కంచు బాగానే ఉంది. రెండు వీప్ హోల్స్‌లో ఒకటి మట్టితో మూసుకుపోయింది. శనివారం వెళ్ళి దాన్ని తెరుస్తున్నాను.