కుండ కావాలంటే నీళ్ళు పోవాలి

బకెట్ నిండా నీళ్ళు. పక్కన చూడ్డానికి ఒకేలా ఉన్న రెండు మట్టి గిన్నెలు, రెండూ పచ్చివే, అంటే ఇంకా కాల్చనివి. ఒకటి ముందు రోజు చేసింది, తాకితే చల్లగా, తడిగా ఉంది. రెండోది పది రోజుల కింద చేసింది, బాగా ఎండి తెల్లబారిపోయింది. "నీళ్ళలో వేస్తే ఏది ముందు కరుగుతుందో చెప్పండి" అని అడిగారు కుండల వర్క్‌షాప్‌లో మాకు నేర్పుతున్న ఆవిడ. చుట్టూ నిలబడ్డ పన్నెండు మందిమీ ఒకే మాట అన్నాం, తడిదేనని. ఎండినది గట్టిగా ఉంది కదా మరి.

రెండూ ఒకేసారి ముంచారు. ఎండిన గిన్నె బుస్సుమంటూ బుడగలు వదిలింది, అంచు పెచ్చులు పెచ్చులుగా ఊడింది, ఐదారు నిమిషాల్లో బకెట్ అడుగున బురద కుప్ప అయిపోయింది. తడి గిన్నె మాత్రం అలాగే కూర్చుంది. భోజనం చేసి వచ్చి చూసినా అంచు కాస్త మెత్తబడింది తప్ప రూపం చెడలేదు.

మొన్న శని, ఆదివారాలు హైదరాబాద్‌లో జరిగిన కుండల వర్క్‌షాప్‌లో చూసిన వాటన్నిటిలోకీ నా మనసులో నిలిచిపోయింది ఈ బకెట్టే. నేర్పడానికి పుదుచ్చేరి నుంచి ఇద్దరు సిరామిక్ కళాకారులు వచ్చారు, ఆలుమగలు, ఆవిడ తెలుగావిడే. 1971లో రే మీకర్, డెబొరా స్మిత్ పుదుచ్చేరిలో గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీ మొదలుపెట్టారు, అప్పటినుంచి మన దేశంలో స్టూడియో పాటరీ నేర్చుకోవాలనుకునేవాళ్ళు చాలామంది ఆ ఊరి దారి పట్టారు, వీళ్ళిద్దరూ అక్కడ నేర్చుకున్నవాళ్ళే. సారె (కుమ్మరి చక్రం) మీద చేతులు ఎలా పెట్టాలో చూద్దామని వెళ్ళాను నేను. వాళ్ళు సారె తిప్పింది తక్కువ, నీళ్ళ గురించి మాట్లాడింది ఎక్కువ. మట్టిలోకి నీళ్ళు పంపడం ఎవరైనా చేస్తారు, వాటిని కుండ పగలకుండా బయటికి సాగనంపడంలోనే కుమ్మరి పనితనమంతా ఉందని ఇప్పుడు నాకు గట్టిగా అనిపిస్తోంది.

బంకమట్టి రేణువులు చాలావరకు రెండు మైక్రాన్ల కంటే చిన్నవి, తలవెంట్రుక మందంలో ముప్ఫయ్యో వంతు కూడా ఉండవు. పైగా ఇసుకలా గుండ్రంగా కాక పలచటి పలకల్లా ఉంటాయి. రెండు గాజు పలకల మధ్య నీళ్ళు పోసి చూడండి, ఒకదాని మీద ఒకటి సులువుగా జారతాయి కానీ లాగి విడదీద్దామంటే రావు. తడి మట్టిలో కోట్ల కోట్ల పలకలు చేస్తున్నది అదే పని. వేలితో నొక్కితే జారి పక్కకి వెళ్తాయి, వేలు తీసేస్తే వెళ్ళినచోటే ఉండిపోతాయి. ఇసుకతో గూడు కట్టగలం కానీ కుండ చెయ్యలేకపోవడానికి కారణం ఇదే.

ఇక బకెట్ సంగతి. ఎండిన గిన్నెలో నీళ్ళు పోయిన చోటల్లా సన్నటి ఖాళీలు మిగిలాయి, వాటిలో గాలి ఉంది. దీపం వత్తి నూనెని లాగినట్టు ఆ ఖాళీలు నాలుగువైపుల నుంచీ నీళ్ళని లాగేసుకుంటాయి, లోపల చిక్కుకున్న గాలి ఎటూ పోలేక మట్టిని పగలదీసుకుని బయటపడుతుంది. మేం విన్న బుస్సు అదే. తడి గిన్నె ఖాళీల్లో ముందే నీళ్ళున్నాయి, కొత్త నీళ్ళు దూరడానికి సందు లేదు.

ఆరేటప్పుడు పలకల మధ్య నీళ్ళు పోయి పలకలు దగ్గరకి జరుగుతాయి, కుండ చిన్నదవుతుంది. ఆరి, కాలి బయటికొచ్చేసరికి స్టోన్‌వేర్ (బాగా ఎక్కువ వేడిలో కాల్చే రకం) మట్టయితే సుమారు పదో వంతు తగ్గుతుందని ఆయన చెప్పారు. అంతా ఒకేలా తగ్గితే పేచీ లేదు. కప్పు పిడి సన్నగా ఉంటుంది కాబట్టి ముందు ఆరి ముడుచుకుంటుంది, కప్పు ఒళ్ళు ఇంకా తడిగానే ఉంటుంది, రెండూ కలిసే చోట పగులు. అందుకే ఆయన ప్రతి పిడికీ పాలిథిన్ ముక్క చుట్టారు. మాకు చెమటలు పోస్తున్నా సరే ఫ్యాన్ వెయ్యనివ్వలేదు.

మట్టిలో గాలి బుడగ ఉంటే కుండ ఆవంలో (కాల్చే బట్టీలో) పేలిపోతుందని నేనూ చాలాచోట్ల విన్నాను. పేల్చేది చాలాసార్లు గాలి కాదు, మిగిలిన తడి. నీరు మరిగి ఆవిరైతే సుమారు 1,700 రెట్లు చోటు కావాలి, మందపాటి అడుగులోంచి అంత ఆవిరి త్వరగా బయటపడలేదు. శనివారం మేం చేసినవి ఆదివారం కాల్చకపోవడానికి కారణమదే. వాళ్ళు ముందే ఒకసారి కాల్చి తెచ్చిన గిన్నెలతోనే రెండోరోజు పని నడిచింది.

ఇదంతా చేతికి తెలిసే తడి. ఎముకలా ఎండిన మట్టిలో కూడా ఇంకో నీరుంది. అది తడిగా ఉండదు, రేణువు కట్టడంలోనే ఆక్సిజన్, హైడ్రోజన్ జంటలుగా దాక్కుని ఉంటుంది. స్వచ్ఛమైన కయోలిన్ అనే తెల్ల బంకమట్టి బరువులో ఇది దాదాపు 14 శాతం! సుమారు 450 నుంచి 600 డిగ్రీల సెల్సియస్ మధ్య అది కూడా ఆవిరిగా వెళ్ళిపోతుంది, ఆ తర్వాత ఆ మట్టిని ఎన్నాళ్ళు నానబెట్టినా మళ్ళీ బురద కాదు. మట్టి కుండగా మారేది అక్కడే. నాకైతే సారె మీద రూపం లేవడం కంటే కంటికి కనిపించని ఈ మార్పే పెద్ద అద్భుతం. అదే దారిలో, 573 డిగ్రీల దగ్గర, మట్టిలో ఉన్న క్వార్ట్జ్ అనే ఖనిజం ఉన్నట్టుండి ఉబ్బుతుంది, చల్లారేటప్పుడు అక్కడే మళ్ళీ ముడుచుకుంటుంది. ఆవం తొందరపడి తెరిస్తే కుండలు చిట్లడానికి అదొక కారణం.

మన ఊరి కుండలు స్టోన్‌వేర్ అంత వేడి చూడవు, కాబట్టి సన్నటి రంధ్రాలు మూసుకుపోకుండా మిగులుతాయి, నీళ్ళు చెమర్చేది వాటిలోంచే. ఒక గ్రాము నీరు ఆరిపోతూ పట్టుకుపోయే వేడి సుమారు 580 గ్రాముల నీళ్ళని ఒక డిగ్రీ చల్లబరచడానికి సరిపోతుంది. నిగనిగలాడే గ్లేజ్ (గాజులాంటి పూత) పూసిన కూజా కొనుక్కుంటే అందం ఉంటుంది కానీ ఈ చల్లదనం రాదు, దయచేసి వేసవిలో మామూలు కుండే కొనండి.

ఆదివారం మధ్యాహ్నం 'రాకు' అనే జపాన్ పద్ధతిలో గిన్నెలు కాల్చి చూపించారు. పదహారో శతాబ్దంలో క్యోటోలో టీ గిన్నెల కోసం పుట్టిన పద్ధతి ఇది, పొగ పెట్టడం మాత్రం 1960లో అమెరికాలో పాల్ సోల్డ్‌నర్ అనే సిరామిక్ కళాకారుడు మొదలుపెట్టారు. సుమారు వెయ్యి డిగ్రీల దగ్గర నారింజ రంగులో మెరిసిపోతున్న గిన్నెని పొడవాటి పట్టకారుతో తీసి రంపపుపొట్టు డ్రమ్ములో పడేశారు. భగ్గుమంది, వెంటనే మూత. లోపల మంటకి ఆక్సిజన్ చాలక గ్లేజ్‌లోని కాపర్ ఆక్సైడ్ నుంచి లాక్కుంటుంది, మిగిలిన రాగి కొత్త చెంబులా మెరుస్తుంది. గ్లేజ్ లేని చోట బొగ్గు పట్టి నల్లబడుతుంది.

మాతో పాటు వచ్చిన ఒకాయనది కుమ్మరి కుటుంబం. ఆయన అది చూసి, "మా నాయన ఆవం మీద తడి మట్టి మెత్తేటోడు మేడమ్, సందులుంటే కుండ ఎర్రగ వస్తది, అన్నీ మూస్తే నల్లగ వస్తది" అన్నారు. "అన్నా, నేను పొద్దుట్నుంచి చెప్పింది మీరు ఒక్క ముక్కలో చెప్పేశారు" అన్నారావిడ. మట్టిలోని ఇనుముకి ఆక్సిజన్ దండిగా దొరికితే ఎరుపు, దొరక్కపోతే నలుపు. ఇనుప యుగపు సమాధుల్లో దొరికిన ఎరుపు-నలుపు కుండలు తెలంగాణ, ఆంధ్ర మ్యూజియాల్లో ఉన్నాయి, ఈసారి వెళ్తే ఆగి చూడండి. లోపలా, అంచూ నలుపు, బయట కింది భాగం ఎరుపు. బోర్లించి కాల్చడం వల్ల గాలి తగలని వైపు నల్లబడిందని పురావస్తువేత్తలు చెప్పే వివరణల్లో ఒకటి.

నాకొక చిన్న గిన్నె ఇచ్చారు, తినడానికి వాడొద్దని చెప్పి. రాత్రి బల్ల మీద పెడితే ఉండుండి టింగ్ అంటోంది. చల్లారేటప్పుడు గ్లేజ్ మట్టి కంటే ఎక్కువ ముడుచుకుంటుంది, తట్టుకోలేక సన్నగా చిట్లుతుంది. డ్రమ్ములో ఉండగా వచ్చిన పగుళ్ళు పొగ తాగి నల్లటి గీతలయ్యాయి. మా ఇంట్లో వచ్చిన వాటికి పొగ లేదు. పొద్దున కిటికీ దగ్గర గిన్నెని ఏటవాలుగా పట్టుకుంటే, నల్ల గీతల మధ్య రంగులేని గీతలు మూడు కనిపించాయి.