ముగ్గు చిన్నదైపోయిన ధనుర్మాసం

రామచంద్రపురం,
ఆదివారం మధ్యాహ్నం.

చిన్నీకి, బాబీకి,

అమ్మమ్మ ఆశీస్సులు. మొన్న ఫోన్లో బాబీ "అమ్మమ్మా, నీ గుండెలో స్ప్రింగు పెట్టారట కదా, చప్పుడు చేస్తుందా?" అని అడిగాడు. చెయ్యదు నాన్నా. అప్పుడు నవ్వి ఊరుకున్నాను. రాత్రి పడుకున్నాక మాత్రం, ఆ సంగతి మీకెవరూ సరిగ్గా చెప్పలేదు కదా అనిపించింది. అందుకే కూచుని రాస్తున్నాను.

చిన్నీ, నాలుగేళ్ల కిందట సంక్రాంతికి మీరొచ్చినప్పుడు కనుమ నాడు పొద్దున్నే వాకిట్లోకి పరిగెత్తి "అమ్మమ్మా, రథం ముగ్గేదీ?" అన్నావు, గుర్తుందా? నడుం పట్టేసిందని చెప్పాను. అబద్ధం. నడుం శుభ్రంగా ఉంది.

ఆ ఏడాది నెలగంట పెట్టిన రోజున 21 చుక్కల ముగ్గే వేశాను. వారం తిరిగేసరికి 15 అయ్యాయి. తర్వాత 11. భోగి నాటికి ఏడు చుక్కలు పెట్టి నాలుగు గీతలు గీసి లోపలికొచ్చేశాను. రోజుకో సాకు. మంచు ఎక్కువగా ఉందనో, ముగ్గుపిండి నిండుకుందనో. అసలు సంగతేమిటంటే, వంగి లేస్తే ఆయాసం వచ్చేది. నెల రోజుల పాటు నా గుండె పరిస్థితి వీధి వీధంతటికీ కనబడేలా నేనే వాకిట్లో గీసి పెట్టాను. చూసి అడిగింది మాత్రం తొమ్మిదేళ్ల పిల్లవి, నువ్వు ఒక్కదానివే.

ఇంకా సిగ్గుపడాల్సిన సంగతి ఉంది. నేను ముప్పై ఏళ్లు ఏఎన్ఎంగా చేశానని మీకు తెలుసుగా. బీపీ మిషన్ సంచిలో వేసుకుని ఊరూరా తిరిగి, "మెట్లెక్కితే ఆయాసం వస్తోందా? పాదాలు వాస్తున్నాయా?" అని అందర్నీ అడిగిన నోరిది. నన్ను నేను అడగలేదు.

ఆయాసం ఒక్కటే కాదు. తడిబట్టల బకెట్టు పట్టుకుని మేడ మెట్లెక్కుతుంటే, సగం దూరం వెళ్లేసరికి కింది దవడ లాగేది. ఆగితే రెండు నిమిషాల్లో పోయేది. పన్ను పుచ్చిందేమో అనుకుని లవంగం పెట్టుకున్నాను. పుచ్చిన పన్ను మెట్లెక్కినప్పుడే నొప్పెడుతుందా అని ఒక్కసారి ఆలోచించి ఉంటే బావుండేది. గుండె నుంచి వచ్చే నరాలూ, దవడా చేతుల నుంచి వచ్చే నరాలూ దాదాపు ఒకే దారిన మెదడుకి కబురు మోస్తాయి. కబురు ఎక్కణ్ణుంచి వచ్చిందో మెదడు పొరబడుతుంది. అందుకే గుండెకి కష్టమొస్తే కొందరికి ఎడమ చెయ్యి లాగుతుంది. కొందరికి వీపు, కొందరికి మెడ, కొందరికి పొట్ట పైభాగం. సినిమాల్లోలాగా గుండె పట్టుకుని పడిపోవడం అందరికీ జరగదు. ఆడవాళ్లకి కొన్నిసార్లు నీరసం, ఆయాసం, వికారం, అంతే. నాలాంటి షుగరు వాళ్లకి నరాలు మొద్దుబారి, నొప్పి తెలియకుండానే జరిగిపోవచ్చు కూడా.

ఇక లోపల జరిగేదేమిటో చెప్తాను. గుండె మీ పిడికిలంత ఉంటుంది, రోజుకి లక్షసార్లు కొట్టుకుంటుంది. ఒళ్లంతటికీ రక్తం తోస్తుంది, తన తిండికి మాత్రం తన మీదే పాకే సన్నటి రక్తనాళాల మీద ఆధారపడుతుంది. వాటి వెడల్పు మూడు నాలుగు మిల్లీమీటర్లు. మన పొలం చూశారుగా. ధవళేశ్వరం దగ్గర వదిలిన నీళ్లు పెద్ద కాలవలోంచి పిల్ల కాలవలోకి, అక్కణ్ణుంచి మన తూములోకి వస్తాయి. కాలవలో పూడిక చేరినా, పైరుకి అవసరం తక్కువున్నన్నాళ్లు ఎలాగో గడిచిపోతుంది. దాళ్వాలో ఎండలు ముదిరి నీటి అవసరం పెరిగితే, మన శివారు చేను ముందు నెర్రెలిస్తుంది. నాళం గోడలో కొవ్వు పేరుకుంటే జరిగేది కూడా అదే. కూచున్నప్పుడు చాలిన రక్తం మెట్లెక్కేటప్పుడు చాలదు. అప్పుడొచ్చే నొప్పే నా దవడ నొప్పి.

దానికంటే ప్రమాదం ఇంకోటుంది. ఆ కొవ్వు పెచ్చు ఒక్కోసారి చిట్లుతుంది. దాని మీద రక్తం గడ్డకడుతుంది. తూము దగ్గర గుర్రపుడెక్క ఒక్క రాత్రిలో అడ్డంపడి నీళ్లు బందైనట్టు, నాళం మూసుకుపోతుంది. అదే గుండెపోటు. ఆ క్షణం నుంచి అవతల ఉన్న కండ చచ్చిపోవడం మొదలవుతుంది. చచ్చిన కండ తిరిగి పుట్టదు.

నాకది పండగైన పదో రోజు తెల్లవారుజామున నాలుగింటికి వచ్చింది. అంత చలిలో జాకెట్టు తడిసి ఒంటికి అంటుకునేలా చెమట. పొట్ట పైన ఎవరో రుబ్బురోలు పెట్టినట్టు బరువు. వాంతి. తాతయ్య 108కి చేస్తానన్నారు. గ్యాసేలెండి అని వాము నీళ్లు తాగాను. ఇంత రాత్రప్పుడు అందర్నీ లేపడమెందుకు, తెల్లారనివ్వండి అన్నాను. మన తెలుగువాళ్లు గుండెనొప్పికి పెట్టుకున్న ముద్దుపేరు గ్యాసు. నిజమైన గ్యాసుకి మెట్లెక్కడం, దిగడం తెలీదర్రా. శ్రమ పడితే వచ్చి, ఆగితే పోయేది పన్నునొప్పైనా భుజంనొప్పైనా సరే, ముందు గుండె డాక్టరుకి చూపించుకోవాలి. కూచున్నా రావడం మొదలెడితే ఇక ఆలోచించే పని లేదు, ఆసుపత్రికే.

నేను ఆగిన ఆ కాసేపటి ఖరీదు ఎకో, అంటే గుండె స్కానింగు, రిపోర్టులో ఉంది. గుండె తనలో నిండిన రక్తంలో ఒక్కో దెబ్బకి బయటికి తోసేది మామూలుగా నూటికి 55 పైన ఉండాలి. నాది 40.

ఆసుపత్రిలో ముందు ఈసీజీ తీశారు. ఇప్పుడది ఒంటికి పది తీగలు అంటించి నిమిషాల్లో తీసేస్తారు. నెదర్లాండ్స్‌లో ఐంతోవెన్ అనే ఆయన మొదట తయారుచేసినప్పుడు మిషను గది నిండా ఉండేదట. రోగి రెండు చేతులూ ఎడమ కాలూ ఉప్పునీళ్ల తొట్లలో పెట్టుకుని కూచునేవాడు. 1924లో ఆయనకి నోబెల్ బహుమతి ఇచ్చారు. ఒకటి గుర్తుపెట్టుకోండి. మొదటి ఈసీజీ బాగానే ఉన్నా గుండెపోటు కాదని చెప్పలేం, మళ్లీ తీస్తారు, గుండె కండ దెబ్బతింటే రక్తంలోకి వచ్చే ట్రోపోనిన్ కూడా చూస్తారు. తర్వాత నన్ను కాకినాడ తీసుకెళ్లి, మణికట్టు దగ్గర సన్నటి గొట్టం దూర్చి, బెలూనుతో దారి తెరిచి, జల్లెడ లాంటి చిన్న లోహపు గొట్టం పెట్టారు. బాబీ అడిగిన స్ప్రింగు అదే, స్టెంటు అంటారు. నేను మెలకువగానే ఉన్నాను. టీవీలో నా గుండె నాకే కనబడింది.

స్టెంటు పెడితే జబ్బు పోయినట్టు కాదు. పూడిక తియ్యడం ఒక ఎత్తు, మళ్లీ పేరుకోకుండా చూసుకోవడం ఇంకో ఎత్తు. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చిన మాత్రలు డాక్టరు చెప్పకుండా ఒక్క రోజు కూడా మాననుగాక మానను. పన్ను పీకించుకోవాలన్నా ముందు ఆయన్నే అడుగుతాను. నడక రోజూ ఉంది. ఉప్పు మొత్తం మీద రోజుకి ఒక టీ చెంచా దాటకూడదు, అందులోనే పచ్చడీ అప్పడమూ వడియమూ అన్నీ ఇమిడిపోవాలి. గోదావరి జిల్లాలో పుట్టినదానికి ఇంతకంటే శిక్ష ఉంటుందా చెప్పండి! పొద్దున్నే బరువు చూసుకుని క్యాలెండరు మీద రాస్తాను. రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది కొవ్వు కాదు, ఒంట్లో చేరిన నీరు. మిషను కంటే ముందు నా మెట్టెలు చెప్తాయి. సాయంత్రానికి అవి బిగిస్తే డాక్టరుకి ఫోను చెయ్యాల్సిందే.

నా కొంగు ముడిలో చిన్న డబ్బీ ఉంటుంది, చూశారుగా. అందులో సార్బిట్రేట్ మాత్రలు. నొప్పొస్తే కూచుని నాలుక కింద పెట్టుకుంటాను, రక్తనాళాలు వదులవుతాయి. నించుని వేసుకుంటే బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి. ఈ జాతి మందుల కథ తమాషాగా ఉంటుంది. డైనమైట్‌లో పేలేది నైట్రోగ్లిజరిన్. డైనమైట్‌ని కనిపెట్టిన నోబెల్‌గారికే 1896లో గుండెజబ్బుకి డాక్టర్లు నైట్రోగ్లిజరిన్ రాశారు. జనం భయపడకుండా మందుకి ట్రైనిట్రిన్ అని వేరే పేరు పెట్టారని ఆయనే ఒక ఉత్తరంలో రాసుకుని నవ్వుకున్నాడు. అయితే ఈ మాత్ర నాకు రాసింది. నొప్పంటే చాలు ఎవరికి పడితే వారికి ఇచ్చెయ్యకండి.

సెలవులకి వచ్చినప్పుడు నాకుగానీ తాతయ్యకిగానీ అలా అయితే ఏం చెయ్యాలో చెప్తాను. కూచోబెట్టండి, నడిపించొద్దు. ఎదురింటి బాబాయి బండి మీద తీసుకెళ్తానంటాడు, వద్దనండి. నాకైతే మాత్ర పెట్టుకున్నాక ఐదు నిమిషాల్లో తగ్గకపోతే 108, తాతయ్యకైతే నా మాత్ర ఇవ్వకుండా వెంటనే 108. చెమటలు పట్టేసి ఉంటే ఆ ఐదు నిమిషాలు కూడా ఆగొద్దు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో గుండెనొప్పి వాళ్లని అద్దె టాక్సీ దొరికేదాకా అరుగు మీదే పడుకోబెట్టేవారు. 108 వచ్చింది 2005లో. ఫోనెత్తినవాళ్లు అడిగినవాటికి జవాబు చెప్పండి, వాళ్లు చాలనేదాకా పెట్టెయ్యకండి. మన ఇంటి నంబరూ, రామకోవెల పక్క సందు గుర్తూ అట్టముక్క మీద రాసి ఫ్రిజ్‌కి అంటించాను. బాబీ దాన్ని బట్టీ పట్టాలి. చిన్నీ గేటు తీసి, లైటు వేసి, సందు మొదట్లో నిలబడాలి. నేను ఎంత వద్దని అరిచినా వినకండి. అలాంటప్పుడు నా మాటకి విలువ లేదు.

ఈ ఉత్తరం మీ అమ్మ కంట్లో పడుతుందని తెలుసు. ఆ రాత్రి అరగంటే ఆగానని దానికి చెప్పాను. నిజానికి రెండు గంటల పైనే ఆగాను. తిట్టడానికి ఫోన్ చేస్తుంది, చెయ్యనీండి.

మీ
అమ్మమ్మ