పాయింట్ల బళ్లకు కరెంటు రాకపోతే: అపోహలు - వాస్తవాలు

శ్రీకాకుళంలో పాత బుల్లెట్లు, యెజ్డీలు, రాజ్‌దూత్‌లు బాగుచేస్తుంటాను. వీటిలో కాయిల్ కరెంటును కలుపుతూ విడదీసే చిన్న లోహపు జతనే పాయింట్లు అంటాం; అవి విడిపోగానే కాయిల్ నుంచి ప్లగ్గుకు మెరుపు వెళ్తుంది. షెడ్డుకొచ్చే ప్రతివాళ్లూ ముందు అనే మాట ‘‘మేస్త్రీ, కరెంటు రావట్లేదు’’ అనే, అంటే ప్లగ్గులో మెరుపు లేదని. దాంతోపాటు ఎవరో చెప్పిన వైద్యమూ చేయించుకునే వస్తారు.

అపోహ: పాయింట్లు నల్లబడితే ఎమరీ పేపరుతో రుద్దితే చాలు.

వాస్తవం: కళింగపట్నం నుంచి ఒకబ్బాయి బుల్లెట్ 350 తోసుకుంటూ వచ్చాడు. నెలలో మూడుసార్లు పాయింట్లు రుద్దించాడట. మూత తీసి కిక్ కొట్టి చూశాను. పాయింట్ల మధ్యే నీలంగా ఫెళ్లుమని మెరుస్తోంది. ఆ మెరుపు ప్లగ్గులో రావాలి కదా! పాయింట్లు విడిపోయేటప్పుడు అక్కడ ఎగిసే కరెంటును కండెన్సర్ పట్టుకోవాలి. అది పోతే పాయింట్లు కమిలిపోతాయి, ప్లగ్గుకు బలం చాలదు. కండెన్సర్ మార్చకుండా ఎన్నిసార్లు రుద్దినా నాలుగు రోజుల ముచ్చటే. పైగా ఎమరీ రేణువులు లోహంలో దిగబడి కరెంటును అడ్డుకుంటాయి. నేను సన్నటి ఆకురాయితో రెండు గీతలు గీసి, పెట్రోలుతో తడిపిన తెల్ల కాగితాన్ని పాయింట్ల మధ్య పెట్టి లాగుతాను. కాగితానికి మసి అంటనంత వరకూ.

అపోహ: పాయింట్ల గ్యాప్ కంటితో చూసి పెట్టేయొచ్చు.

వాస్తవం: బుల్లెట్‌కు పాయింట్లు పూర్తిగా తెరుచుకున్నప్పుడు 0.35 నుంచి 0.40 మి.మీ. ఉండాలి. ఎంత అనుభవమున్నా కంటికి అది అందదు, ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్నటి రేకు) పెట్టాల్సిందే. పాయింట్లను తెరిచే క్యామ్ మీద రాసుకునే ఫైబర్ ముక్క అరిగేకొద్దీ గ్యాప్ తగ్గుతుంది, టైమింగ్ (మెరుపు పడే సమయం) వెనకబడుతుంది, బండి లాగదు. చాలామంది అప్పుడు కార్బురేటర్ విప్పుతారు, అది చూస్తే నాకు బాధేస్తుంది. ముందు గ్యాప్, తర్వాతే టైమింగ్. కొత్త పాయింట్లు వేశాక 500 కిలోమీటర్లకు మళ్లీ కొలవాలి. క్యామ్‌కు గ్రీజు చుక్కంత చాలు, ఎక్కువైతే పాయింట్ల మీదకు చిమ్ముతుంది.

అపోహ: కిక్ ఉన్న బండికి బ్యాటరీతో పనేంటి?

వాస్తవం: ఆర్‌ఎక్స్ 100కు ఆ మాట సరే, దాని కరెంటు మాగ్నెట్ నుంచి వస్తుంది. పాత బుల్లెట్‌లో కాయిల్‌కు బ్యాటరీయే దిక్కు. తాళం ఆన్ చేసి కిక్ మెల్లగా నొక్కుతూ హెడ్‌లైట్ మీది అమ్మీటరు (కరెంటు చూపే మీటరు) చూడండి. పాయింట్లు కలిసినప్పుడు ముల్లు మైనస్ వైపు వాలి, విడిపోగానే మధ్యకు రావాలి. అసలు కదలకపోతే కరెంటు పాయింట్ల దాకా రావట్లేదు, లేదా అవి కలవట్లేదు. మైనస్‌లోనే ఉండిపోతే అవి తెరుచుకోవట్లేదు, లేదంటే ఎక్కడో బాడీకి తగులుతోంది. ఇంజను ఆగాక తాళం ఆన్‌లో వదిలేస్తే కాయిల్ వేడెక్కి పాడవుతుంది.

ఇక సముద్రం దగ్గర ఊళ్లవాళ్లు వర్షాకాలం ముందు ప్లగ్ క్యాప్ ఒకసారి విప్పి చూసుకోండి. వైరు కొస పచ్చగా చిలుం పట్టి ఉంటే పావు అంగుళం కోసి, మళ్లీ బిగించండి.