పక్కకు జరిగే తలుపు, కాళ్లు చాపుకునే సీటు: డెల్టాలో పెద్ద వ్యాన్ల మోజు వెనుక

భీమవరం, అమలాపురం వైపు ఏ పెద్ద పెళ్లికి వెళ్లినా పందిరి బయట ఫార్చూనర్ల వరస మామూలే. ఈ మధ్య వాటి మధ్య కియా కార్నివాల్, ఎప్పుడైనా ఒక టయోటా వెల్‌ఫైర్ కూడా కనపడుతున్నాయి. అన్ని లక్షలు పెట్టగలిగినవాళ్లు జర్మన్ కారు కొనుక్కోకుండా వ్యాన్ ఆకారంలో ఉన్న బండి ఎందుకు కొంటున్నారన్నది చాలామందికి అర్థం కాదు. మన దగ్గర కారు బేరం చాలాసార్లు ఇంజన్ దగ్గర కాదు, "మరి అమ్మ ఎక్కడ కూర్చుంటుంది?" అన్న దగ్గర తేలుతుంది. ఆ ప్రశ్నకు చాలా పాత చరిత్రే ఉంది.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక తవ్విన కాలువలు పొలాలకు నీళ్లివ్వడంతో ఆగలేదు, చాలాకాలం దారులుగా కూడా పనిచేశాయి. ఇంటిల్లిపాదీ ఒకే పడవలో, గట్టు మీదైతే ఒకే గూడు బండిలో వెళ్లేవారు. రోడ్లు, వంతెనలు మెల్లగా వచ్చాయి. రాజమండ్రి–కొవ్వూరు రోడ్డు కమ్ రైలు వంతెన వచ్చింది 1974లో. ఎదుర్లంక–యానాం వంతెన 2002లో పూర్తయ్యేదాకా అమలాపురం నుంచి కాకినాడకు కారులో వెళ్లాలంటే రావులపాలెం మీదుగా చుట్టు తిరగాలి, లేదంటే రేవు దాటాలి. సఖినేటిపల్లి–నర్సాపురం మధ్య ఇప్పటికీ బండ్లు పంటు (బండ్లను ఏరు దాటించే బల్లకట్టు పడవ) మీదే దాటుతున్నాయి. పంటు మీద బండికింతని టికెట్. ఇలాంటి చోట రెండు కార్లకన్నా అందరూ పట్టే ఒక బండే మేలనిపించడంలో వింతేముంది!

అంబాసిడర్‌లో ఎనిమిదిమందిని కుక్కిన రోజుల తర్వాత 1984లో మారుతి వ్యాన్ వచ్చింది. తర్వాత దానికే ఓమ్ని అని పేరు. ఇవాళ లగ్జరీ అని చెప్పుకుంటున్న పక్కకు జరిగే తలుపు ఆ చౌక బండికి అప్పుడే ఉంది. కానీ ఓమ్ని బడిపిల్లలకు, బేకరీ ట్రేలకు, అంబులెన్స్‌కు పోయింది. సినిమాల్లో అయితే కిడ్నాపర్ల బండి అయిపోయింది. 2019లో తయారీ ఆగేసరికి వ్యాన్ అనే మాటకు మర్యాద మిగల్లేదు. సొంతానికి కొనుక్కునే బండికి ముందు మూతి ఉండాలి, మామూలు డోర్లు ఉండాలి అన్నది స్థిరపడింది.

ఓమ్ని ఇంకా నడుస్తుండగానే ఆ ఖాళీలోకి 1994లో టాటా సుమో, 2000లో టయోటా క్వాలిస్, 2005లో ఇన్నోవా దిగాయి. మన వాడకాన్ని నిజంగా మార్చింది ఇన్నోవాయే. మధ్య వరసలో విడివిడిగా రెండు కెప్టెన్ సీట్లు రావడంతో ఇంట్లో పెద్దవాళ్లకు బండిలో ఒక చోటు ఖాయమైంది. పిల్లలు, బ్యాగులు లాస్ట్ సీట్లోకి. ఆ చివరి వరసలోకి దూరడం మాత్రం పెద్దవాళ్లకు ఎప్పుడూ కష్టమే. తర్వాత ఎస్‌యూవీల హోరు మొదలైంది. చూడ్డానికి దర్పం, ఎక్కడానికి నిచ్చెన కావాలి. మోకాళ్ల నొప్పులున్న మామ్మకు పట్టుచీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని ఫార్చూనర్ ఎక్కడం ఎంత అవస్థో కొన్నవాళ్లకే తెలుసు.

బయటి దేశాల్లో కథ వేరు. అమెరికాలో క్రైస్లర్ సంస్థ 1983 చివర్లో మినీవ్యాన్లను తెచ్చింది. మరుసటి ఏడాది ఫ్రాన్స్‌లో రెనో ఎస్పాస్ వచ్చింది. ముందు చక్రాలకే ఇంజన్ ఊపు ఇవ్వడంతో బండి లోపలి నేల చదునుగా, కిందకు వచ్చింది. పెట్టె లాంటి ఆకారంలో మనుషులకు చోటు ఎక్కువ. అది పిల్లల తల్లుల బండి అనే ముద్ర పడ్డాక అక్కడి జనం ఎస్‌యూవీలకు మళ్లారు. జపాన్‌లో మాత్రం 1997లో నిస్సాన్ ఎల్‌గ్రాండ్, 2002లో టయోటా అల్ఫార్డ్ దీన్ని డ్రైవర్ నడిపితే వెనక సేదతీరే బండిగా మార్చేశాయి. చైనాలోనూ అదే బాట. మనకు చేరింది ఈ తూర్పు ఆసియా రకం. పెళ్లిళ్లకు, యాత్రలకు బత్తా ఇచ్చి డ్రైవర్‌ని పెట్టుకునే మన అలవాటుకు అది చక్కగా అతికింది.

2020 ఫిబ్రవరిలో వెల్‌ఫైర్, కార్నివాల్ రెండూ ఒకేసారి మన దగ్గర దిగాయి. వెల్‌ఫైర్ షోరూం ధర 79.50 లక్షలు. కార్నివాల్ 24.95 లక్షల నుంచి మొదలు, పైగా అప్పటి మన అనంతపురం జిల్లాలోనే బిగించినది. ఇన్నోవా కొనేవాళ్లు ఇంకొంచెం చెయ్యి చాపితే అందే ధర అది. సందులో పక్క గోడకు తగలకుండా తలుపు తెరుచుకుంటుంది. నేల కిందకు ఉంటుంది కాబట్టి పెద్దవాళ్లు సునాయాసంగా ఎక్కుతారు. చివరి వరస వెనక లోతైన చోటు ఉండటంతో ఆషాఢం సారె అట్టపెట్టెలు, తాపేశ్వరం కాజాలు, ఆత్రేయపురం పూతరేకులు ఒళ్లో పెట్టుకునే పని లేదు. అమెరికా నుంచి వచ్చిన పిల్లల్ని శంషాబాద్‌లో దించుకుని ఏడెనిమిది గంటలు ప్రయాణం చేసే ఇళ్లకు ఇవన్నీ చిన్న సంగతులు కావు. ఆక్వా డబ్బు ఈ మోజుకు ఊతమిచ్చిన మాట నిజమే గానీ, మొత్తం దాని ఖాతాలో వేయడం నాకు సబబు అనిపించదు.

తర్వాతే చిక్కొచ్చింది. పాత కార్నివాల్ 2023లో ఆగిపోయింది. 2024 అక్టోబరులో కొత్తది 63.90 లక్షలకు వచ్చింది. కొత్త వెల్‌ఫైర్ అప్పటికే కోటీ ఇరవై లక్షల దగ్గరుంది. 2025 జూలైలో వచ్చిన ఎంజీ ఎం9 విద్యుత్ వ్యాన్ 69.90 లక్షలకు దిగింది. కార్నివాల్ లాంటి పెద్ద డీజిల్ బండి మీద 28 శాతం జీఎస్టీకి 22 శాతం సెస్ కలిసి 50 శాతం పడేది. 2025 సెప్టెంబరు 22 నుంచి అది 40 శాతమైంది, అయినా మధ్యలో పడిన అగాధం పూడలేదు. 2022 చివర్లో వచ్చిన ఇన్నోవా హైక్రాస్ పై రకాల్లో కాళ్లు చాపుకునే సీట్లు ఇచ్చారు, తలుపులు మాత్రం మామూలువే. హైక్రాస్‌కీ కార్నివాల్‌కీ నడుమ పక్కకు జరిగే తలుపున్న కుటుంబ బండి ఒక్కటీ లేదు.

డబ్బున్నవాళ్లకూ ఒక లెక్క ఉంటుంది. ఒక వరస రోడ్డుకు ప్రమాణంగా చెప్పే తారు వెడల్పు 3.75 మీటర్లు. కార్నివాల్ వెడల్పు దాదాపు 2 మీటర్లు, పొడవు 5 మీటర్ల పైచిలుకు. కాలువ గట్టు మీద ఎదురుగా వరిగడ్డి ట్రాక్టరు వస్తే ఎవరో ఒకరు వెనక్కి పోవాల్సిందే.

అందుకే చాలామంది వాడిన ఇన్నోవా క్రిస్టా ఒకటి కొని, సీట్లు పీకించి, వెనక్కి వాలే పెద్ద సీట్లు వేయించుకుంటున్నారు. ఏడు సీట్ల బండి నాలుగు సీట్లదైతే ఆర్సీలో కూడా మార్పించుకోవాలి. లేకపోతే యాక్సిడెంట్ క్లెయిమ్ అప్పుడు బీమా కంపెనీ మొదట పట్టుకునేది దాన్నే.