సాక్సోఫోన్‌కు రెండు పీకలు

మా అన్న కొడుక్కి పన్నెండేళ్లు. నాలుగు నెలల కింద కర్నూలులో ఓ పెళ్లి మెరవణిలో బ్యాండు మేళం వాళ్లు సాక్సోఫోన్ వాయిస్తుంటే వాడు అక్కడే నిలబడిపోయాడు, భోజనానికి పిలిచినా కదల్లేదు. ఆ తర్వాత ఇంట్లో రోజూ అదే పాట. చివరికి మా అన్న పాతది ఒకటి, ఆల్టో సాక్సోఫోన్ (టెనర్ అనే రకం కంటే చిన్నది), వెతికి కొనిచ్చాడు.

మొదటి రోజే గొడవ. నేర్పించే ఆయన "ఇది సి, దీన్నే స అనుకో" అని చూపించి పోయాడట. వీడు హార్మోనియం పక్కన పెట్టుకుని, దాని సి మెట్టు నొక్కి, ఇది ఊదాడు. రెండూ కొట్టుకున్నాయి. "చిన్నాయనా, మనకు పాడైపోయింది అంటగట్టినారు" అని నాకు ఫోను. పాడైందేమీ లేదు. ఆల్టో తీరే అంత, సి వేళ్లు పెట్టి ఊదితే బయటికొచ్చేది ఇ ఫ్లాట్, అంటే మన పాటకచేరీల లెక్కలో రెండున్నర శ్రుతి. టెనర్ సాక్సోఫోన్ అయితే ఆరున్నర. హార్మోనియం మీద రెండున్నర దగ్గర స పెట్టుకోమన్నాను, కలిసింది. వాడి టెన్షన్ తగ్గింది, నాది మొదలైంది, ఎందుకంటే ఆ మరుసటి రోజు "ఎవరివి వినాలి?" అని అడిగాడు.

చాలామంది ఇది చివర్లో అడగాల్సిన ప్రశ్న అనుకుంటారు, ముందు సరళీలు, స్కేళ్లు వాయించు, వినడం తర్వాత చూద్దాం అంటారు. నాకైతే అది తలకిందుల వ్యవహారం. ఎందుకో చెప్పాలంటే పీక గురించి చెప్పాలి. తెలుగులో పీక అంటే గొంతు. ఆకు చుట్టి పిల్లలు ఊదేదీ పీకే. సాక్సోఫోన్ పలకాలంటే ఈ రెండు పీకలూ కావాలి.

మొదటిది రీడ్. ఒళ్లంతా ఇత్తడే అయినా సాక్సోఫోన్‌ను ట్రంపెట్ జాతిలో కలపరు, క్లారినెట్ జాతిలో కలుపుతారు, కారణం ఈ రీడే. బెల్జియంలో పుట్టిన అడాల్ఫ్ సాక్స్ 1846లో ఫ్రాన్సులో ఈ వాయిద్యానికి పేటెంట్ తీసుకున్నాడు, పేరు కూడా ఆయనదే. రీడ్ అంటే రెల్లు లాంటి ఒక గడ్డి కాడను చీల్చి, కొసను కాగితమంత పల్చగా గీసిన బద్ద. మౌత్‌పీస్‌కు కట్టి ఊదితే ఊపిరి ఒత్తిడికి అది దారిని మూయబోతుంది, గొట్టంలోంచి తిరిగొచ్చిన అల మళ్లీ తెరుస్తుంది. ఆల్టోలో అన్నిటికంటే కింది స్వరానికి ఇలా సెకనుకు దాదాపు 139 సార్లు, మీటలతో అందే అన్నిటికంటే పై స్వరానికి 830 సార్లు. మీటల్లో దాదాపు అన్నీ చేసే పని ఒక్కటే, లోపల ఊగే గాలి పొడవును పెంచడం, తగ్గించడం.

గొట్టం ఆకారం కూడా చిన్న విషయం కాదు. మూతి దగ్గర సన్నంగా మొదలై పోనుపోను వెడల్పవుతుంది కాబట్టి, అవే వేళ్లు ఉంచి వెనకాల బొటనవేలి మీట నొక్కితే స కాస్తా పై స అవుతుంది. క్లారినెట్ గొట్టం చాలా దూరం ఒకే లావు, అందుకని దాంట్లో అదే పని చేస్తే పై స రాదు, దాన్ని దాటి పై ప వస్తుంది. బ్యాండు మేళంలో రెండూ వాయించేవాళ్లకు వేళ్లు ఎలా తికమకపడవో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

మా అన్న మాత్రం "కంపెనీది కొనాల్సింది, ఈ ఇత్తడి మంచిది కాదేమో" అని బాధపడుతున్నాడు. 1953లో టొరంటోలో, ఇప్పటికీ జనం చెప్పుకునే ఒక కచేరీలో, అమెరికా జాజ్ వాద్యకారుడు చార్లీ పార్కర్ వాయించింది ప్లాస్టిక్ సాక్సోఫోన్. అది చెప్పాక కాస్త ఊరుకున్నాడు. మా ఊళ్లో నిజంగా పట్టించుకోవాల్సింది ఎండను. ధ్వని వేగం 20 డిగ్రీల దగ్గర సెకనుకు 343 మీటర్లు, 40 డిగ్రీల దగ్గర 355. లెక్క ప్రకారం శ్రుతి హార్మోనియం మీద పక్క మెట్టుకు ఉండే దూరంలో సగం కంటే ఎక్కువే ఎక్కాలి, కానీ లోపలి గాలిని మన ఊపిరి ఎలాగూ వెచ్చగా ఉంచుతుంది కాబట్టి అంత ఎక్కదు. ఎక్కినంత మేర మౌత్‌పీస్‌ను గొట్టం మెడకు చుట్టిన బెండు మీద కొంచెం బయటికి లాగితే సరి. రీడ్ మాత్రం మే నెలలో అప్పడంలా ఎండి కొస వంకర తిరుగుతుంది, ఊదే ముందు కాసేపు నోట్లో నానబెట్టుకోవాల్సిందే.

ఇక రెండో పీక. 2008లో ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయం వాళ్లు, సాక్సోఫోన్ వాయిస్తున్నవాళ్ల నోటి లోపల గాలి ఎలా స్పందిస్తోందో వాయిస్తుండగానే కొలిచారు. మామూలు స్వరాలకు గొంతు ఎలా ఉన్నా నడిచిపోతోంది. మీటలు అయిపోయాక ఇంకా పైకి పోవాలంటే మాత్రం, ఆరితేరినవాళ్లు నాలుకను, గొంతును సర్దుకుని లోపలి గాలిని కూడా ఆ స్వరానికి దగ్గరగా శ్రుతి చేసుకుంటున్నారు. కొత్తవాళ్లకు అది చేతకాలేదు, ఆ స్వరాలూ పలకలేదు. మా వాడికి ఆ ఎత్తులతో ఇప్పుడు పనిలేదు, కానీ ఈ సర్దుబాటును వేలు పెట్టి ఎవరూ చూపించలేరు, అది నోటి లోపల కళ్లకు కనపడకుండా జరిగే పని. ఏ శబ్దం కావాలో చెవికి ముందే తెలిసుంటే నాలుక దాన్ని వెతుక్కుంటుంది.

ఇంట్లోనే చూడొచ్చు. వాడి చేత మౌత్‌పీస్ ఒక్కటే తీయించి ఊదమన్నాను. మీటలు లేవు, గొట్టం లేదు, ఆటో హారన్ లాంటి ఒకే కూత. ఆల్టో మౌత్‌పీస్‌లో 880 హెర్ట్జ్ దగ్గర నిలబడితే బాగున్నట్టు లెక్క. ఇప్పుడు పళ్లు, పెదవులు కదపకుండా, లోపల మాత్రం "ఈ" అనే చోటు నుంచి "ఆ" అనే చోటుకు నాలుక దించమన్నాను. కూత జారి కిందికి దిగింది. వాడి కళ్లు ఇంతయ్యాయి. "నేనేం నొక్కలే చిన్నాయనా!"

అందుకే వాడికి మొదట వినమని ఇచ్చింది కద్రి గోపాల్‌నాథ్. మంగళూరు దగ్గర 1949లో నాదస్వరం వాయించే ఇంట పుట్టి, మైసూరు ప్యాలెస్ బ్యాండులో సాక్సోఫోన్ విని దాని వెంట పడ్డాడు. 1994లో లండన్‌లో జరిగే బీబీసీ ప్రామ్స్ సంగీతోత్సవం దాకా కర్ణాటక సంగీతాన్ని దీంతోనే తీసుకెళ్లాడు. మెట్టు మెట్టుగా తెగిపోయే వాయిద్యం మీద గమకం పలికించడమంటే పెదవి, నాలుక, గొంతు అన్నీ కలిసి స్వరాన్ని సాగదీయాలి. ఆపి ఆపి మళ్లీ వినమన్నాను, ఎక్కడ జారిందో అక్కడ మూతి మూసుకుని కూనిరాగం తీయమన్నాను.

తర్వాత అమెరికా జాజ్ వాద్యకారుడు పాల్ డెస్మండ్, ఆల్టో మీదే. మెత్తగా, గట్టిగా అరవకుండా వాయిస్తాడు. 1959లో వచ్చిన "టేక్ ఫైవ్" ఆయన కట్టిందే, అయిదు దెబ్బల లెక్క. మృదంగం నేర్చుకునే పిల్లలకైతే అయిదంటే ఖండచాపు, తక తకిట. ఇక్కడ అదే తిరగబడి తకిట తక అవుతుంది. వాడు తొడ మీద కొట్టుకుంటూ రెండు రోజులు తప్పి, మూడో రోజు పట్టుకున్నాడు.

మిద్దె మీద సాధన చేస్తుంటే పక్కింటివాళ్లు విసుక్కుంటున్నారని వాడికి ఇంకో బెంగ. సానీ రాలిన్స్ అనే జాజ్ సాక్సోఫోన్ వాద్యకారుడు అప్పటికే పేరున్నవాడై ఉండీ, చుట్టుపక్కలవాళ్లకు ఇబ్బందని, 1959 నుంచి 1961 దాకా న్యూయార్క్‌లో విలియమ్స్‌బర్గ్ వంతెన ఎక్కి సాధన చేశాడని చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది. ఇప్పుడు రోజూ సాయంత్రం తుంగభద్ర ఒడ్డుకు తీసుకుపొమ్మంటున్నాడు, బండి నాది, పెట్రోలూ నాదే.